జాబితాకెక్కని మాట

హాస్టల్, మూడో అంతస్తు గది
సోమవారం

అత్తయ్యా,

మీ కళ్లకి కంప్యూటర్ తెర పడదని థీసిస్ ప్రింటు తీయించి కొరియర్‌లో పంపుతున్నాను. మొదటి మూడు అధ్యాయాలు, చివర రిఫరెన్సుల జాబితా ఉన్నాయి. కట్ట చూసి కంగారు పడకండి. అంతా చదవమని కాదు, కామాలు చూడమని. సైకాలజీ జర్నల్లో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లోవాళ్ల పరిశోధన వ్యాసాలన్నీ దిద్దిన అత్తగారు ఇంట్లో ఉండగా, నేను వెళ్లి బయటివాళ్ల కాళ్లు పట్టుకోవడం నామోషీ కాదూ?

పోయినసారి ఏమైందో మీకు తెలుసు. లోపల విషయం బాగానే ఉందట, రిఫరెన్సులు మాత్రం ఏపీఏ పద్ధతిలో లేవని యూనివర్సిటీ ఆఫీసువాళ్లు కట్ట తిరగ్గొట్టారు. ఈసారి వచ్చే నెలాఖరులోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఇంతకాలం ఇంటిని మీ మీదా, మీ అబ్బాయి మీదా వదిలేసి చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఆ భయంతో కూర్చుంటే అక్షరం ముందుకి కదలడం లేదు.

నాలుగో అధ్యాయం ఇంకా దిద్దుతున్నాను. అయ్యాక పంపుతాను. తొందరేం లేదు.

మీ అబ్బాయి రోజూ ఫోన్ చేస్తున్నారు. "బాగున్నావా, అమ్మ బాగుంది, లిఫ్టు ఆగిపోయిందట వెళ్లాలి" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తారు. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్లకి అంతకంటే ఎక్కువ కబుర్లు చెబుతారనుకుంటాను. మీ పక్కనే ఉంటారు కాబట్టి ఈ దిద్దుబాట్ల సంగతి ఫోన్లో వద్దు, ఉత్తరాల్లోనే రాసుకుందాం. నాకు వచ్చే చీవాట్లు ఆయన వినక్కర్లేదు.

మీ కోడలు


ఇల్లు, కిటికీ పక్క బల్ల
శనివారం

కోడలు పిల్లకి,

అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. నువ్వు హాస్టల్‌కి వెళ్లినప్పటి నుంచి మనిద్దరికీ మంచి పేరే వచ్చింది. పక్కింటావిడ మొన్న నీ గురించి ఒకటే పొగడ్త. దూరంగా ఉన్నప్పుడు అందరూ బంగారమేనమ్మా అన్నాను.

కట్ట అందింది. మావాడు చూసి "ఏమిటమ్మా ఇదంతా" అన్నాడు. కామాలు రా అన్నాను. "ఇన్ని కామాలా" అని పానా సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక నీ సంగతి. జర్నల్ పేరు ఇటాలిక్‌లో ఉండాలి, సంపుటి సంఖ్య కూడా. సంచిక సంఖ్య మాత్రం బ్రాకెట్లో, నిటారుగా ఉండాలి. నువ్వు అన్నిటినీ పడుకోబెట్టేశావు. వ్యాసం పేరులో మొదటి మాటకే పెద్ద అక్షరం వెయ్యాలి, నువ్వు ప్రతి మాటకీ టోపీ పెట్టావు. ఇద్దరు రచయితలుంటే బ్రాకెట్ లోపల వాళ్ల మధ్య "&" గుర్తు చాలు, వాక్యంలో వచ్చినప్పుడు అక్షరాలా "అండ్" అని రాయాలి. నీ ఇష్టం వచ్చినట్టు రెండూ కలిపి చల్లావు. పైగా నీ పుస్తకాలకి ఊళ్లే లేవు. ప్రచురించిన ఊరు ఒక్కదానికీ రాయలేదు. గుర్తున్నంత వరకు అన్నీ నేనే చేర్చాను.

అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటుంది. జాబితా చూడటమంటే గుమ్మం ముందు చెప్పులు జత చూడటం లాంటిది. వాక్యాల్లో వచ్చిన ప్రతి పేరూ చివర జాబితాలో ఉండాలి, జాబితాలో ఉన్న ప్రతి పేరూ వాక్యాల్లో ఎక్కడో ఒకచోట కనిపించాలి. నీ జాబితాలో చాలా ఒంటి చెప్పులు మిగిలాయి. వాటి జతలు నాలుగో అధ్యాయంలో ఉండి ఉంటాయి. అది పంపకుండా నన్ను దిద్దమంటే ఎలా? దాచుకోవడానికి అదేమన్నా ప్రేమలేఖా?

నువ్వు ఈ విషయమే ఎందుకు తీసుకున్నావని నేను ఎప్పుడూ అడగలేదు. ఏళ్ల తరబడి మంచాన ఉన్న మనిషికి సేవ చేసినవాళ్లు, ఆ మనిషి పోయాక ఏమవుతారన్నది. మీ మామయ్యకి పక్షవాతంతో మాట పడిపోయి, మంచం పట్టిన ఆరేళ్లూ నువ్వు ఈ ఇంట్లోనే ఉన్నావు. నీకు తెలియంది ఏముంది. మొదటి మూడు అధ్యాయాలూ కామాల కోసమని మొదలుపెట్టి పూర్తిగా చదివేశాను. బాగా రాశావు. ఈ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకోకు.

పెన్సిలు దిద్దుబాట్లతో కట్ట తిరిగి పంపుతున్నాను. వేళకి తిను.

అత్తయ్య


హాస్టల్
బుధవారం

అత్తయ్యా,

ఒక విషయం చెబుతాను, కోపగించుకోకూడదు. ఏపీఏ నియమాల పుస్తకం కొత్త కూర్పులో నియమం మారింది. పుస్తకం ప్రచురించిన ఊరు ఇప్పుడు రాయక్కర్లేదు. ప్రచురణకర్త పేరు చాలట. మీరు అంత ఓపికగా గుర్తు చేసుకుని పెన్సిలుతో రాసిన ఊళ్లన్నీ రబ్బరుతో చెరిపేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మీరు దిద్దిన కాలానికీ ఇప్పటికీ ఇంకొన్ని మారాయి. ముగ్గురు రచయితలుంటే మొదటిసారే మొదటి పేరు రాసి తక్కినవాళ్లని "తదితరులు" చేసేయొచ్చు. ఆ పేజీల నకలు ఇందులో పెట్టాను.

తక్కిన దిద్దుబాట్లన్నీ అక్షరాలా పాటించాను. టోపీలు తీయించాను. పడుకున్నవాటిని లేపాను.

నాలుగో అధ్యాయం పంపుతున్నాను. అది చదివాక గైడు గారు నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. థీసిస్‌కి గుండెకాయ ఇదే అన్నారు. ముఖ్యంగా ఒక చోటు ఆయనకి బాగా నచ్చింది. పరీక్షకులు అక్కడే ఆగుతారు, అదే నిన్ను గట్టెక్కిస్తుంది అన్నారు.

అందులో ఒకటి రెండు వాక్యాలు ఇంకా ఖాయం చేయలేదు. వాటిని మీరు పట్టించుకోవద్దు. చెప్పులు మాత్రం చూడండి చాలు.

మీ కోడలు


ఇల్లు
ఆదివారం

అమ్మాయ్,

పుస్తకానికి ఊరు లేకుండా చేశారా. సరే, కాలం. రచయితలని తదితరుల్లో కలిపేయడం కూడా నాకు నచ్చలేదు గానీ, నన్నడిగి మార్చలేదు కదా. నకలు పేజీలు చదివాను. నా చాదస్తం కొంత చెరిగింది.

నాలుగో అధ్యాయం చదవడం పూర్తయింది. ఒంటి చెప్పులన్నీ జతపడ్డాయి. ఒక్కటి తప్ప. ఈసారి తిరకాసు అటువైపు నుంచి వచ్చింది. వాక్యంలో ఉంది, జాబితాలో లేదు.

మధ్యలో ఒక పేరాలో ఇలా రాశావు. నీ ఇంగ్లీషుని మన మాటల్లో చెప్పుకుంటే: "భర్త మరణించిన క్షణంలో తనకు కలిగిన మొదటి భావం విముక్తి అని ఒక వృద్ధురాలు తెలిపింది." పక్కన బ్రాకెట్లో "పర్సనల్ కమ్యూనికేషన్" అని పెట్టి ఊరుకున్నావు. అంటే అచ్చులో లేనిది, ఆమె నీకు స్వయంగా చెప్పినది. అలాంటిది జాబితాలో చేరదని నాకు తెలుసు. చదివేవాళ్లు వెతికి పట్టుకోలేని దాన్ని జాబితాలో పెట్టి ఏం లాభం. కానీ వాక్యంలో పేరు ఉండాలి, తేదీ ఉండాలి. రెండూ లేవు. ఎవరావిడ?

ఇంకో మాట. ఆమె నిజంగా ఆ మాటే వాడిందా? నాకెందుకో అది పుస్తకంలోంచి దిగిన మాటలా ఉంది. విముక్తి అనేది జైలు నుంచి వచ్చినవాళ్లు అనే మాట. మొగుడి మంచం పక్క కూర్చున్న ఏ ఆడదీ అలా అనదు. ఇది చదివిన ప్రతివాళ్లూ ఆవిణ్ణి రాతి మనిషి అనుకుంటారు. పాపం, ఆమె ఏ సందర్భంలో ఏమందో. వెళ్లి మళ్లీ అడుగు. ఆమె అన్న మాటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు.

ఇది తేలిస్తే అధ్యాయానికి వంక పెట్టడానికి ఏమీ ఉండదు. మావాడికి జలుబు చేసింది, నీతో చెప్పొద్దన్నాడు, చెబుతున్నాను.

అత్తయ్య


హాస్టల్
శుక్రవారం

అత్తయ్యా,

మీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "ఎవరావిడ" అన్న చోట నా చెయ్యి ఆగిపోయింది. ఇంక దాచలేను.

ఆవిడ మీరే.

ఆస్పత్రి మంచం అద్దెకిచ్చినవాళ్లు వచ్చి దాన్ని తీసుకెళ్లిన మధ్యాహ్నం గుర్తుందా? నేల మీద మంచం కాళ్ల మరకలు మిగిలాయి. నేను తడిగుడ్డతో రుద్దుతుంటే "పోవులే, వదిలెయ్" అన్నారు. వంటింట్లోకి వచ్చి టీ పెట్టుకున్నాం. అప్పుడు మీరు నా వైపు చూడకుండా అన్నారు: "ఆయన ఊపిరి ఆగగానే నాకు హమ్మయ్య అనిపించిందే. వాడికి మాత్రం చెప్పకు. తండ్రి పోతే తల్లికి ఇలా అనిపించిందని తెలిస్తే వాడు తట్టుకోలేడు."

నేను మీ అబ్బాయికి చెప్పలేదు. ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట నా నోటి వెంట రాలేదు. కానీ థీసిస్‌లో రాశాను. చెప్పకపోవడం, రాయడం రెండూ వేరని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వేరు కావని ఇప్పుడు అర్థమైంది.

ఎందుకు రాశానో చెబుతాను, తప్పుని ఒప్పు చేయడానికి కాదు. ఈ పని కోసం నేను ఎంతోమంది ఇళ్లకి వెళ్లి కూర్చున్నాను. రికార్డర్ బల్ల మీద పెట్టగానే అందరూ బాధ అన్నారు, ఒంటరితనం అన్నారు. రికార్డర్ ఆపి నేను చెప్పులు వేసుకునేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఇంకేదో చెప్పబోయి మానేశారు. వాళ్లు మింగేసింది ఏమిటో నాకు తెలుసు, మీరు చెప్పారు కనక. పరిశోధనల్లో ఊరట గురించి ఉంది. అది నెలలు గడిచాక మెల్లగా వస్తుందనీ, వస్తూ అపరాధ భావాన్ని వెంటబెట్టుకొస్తుందనీ ఉంది. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు ఉల్లేఖించారు, వాళ్లని మరొకరు. ఆ క్షణంలోనే వస్తుందని ఎవరూ రాయలేదు. మీ మాట లేకపోతే నా అధ్యాయం కూడా ఆ వరసలో చివర నిలబడిన ఇంకొకటి, అంతే.

ముందే మిమ్మల్ని అడగాల్సింది. అడిగితే వద్దంటారని అడగలేదు. పేరు తీసేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. మీకు కూడా తెలియకూడదని హమ్మయ్యని తీసి ఆ ఇంగ్లీషు మాట పెట్టాను. కావాలనే పెట్టాను.

మీరు ఆ వాక్యం మీద ఒక్క పెన్సిలు గీత గీయండి. తీసేస్తాను.

మీ కోడలు


ఇల్లు
మంగళవారం

పరిశోధకురాలు గారికి,

మీ ఉత్తరం అందింది.

నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటి మీకు చెప్పాలి. పరిశోధనలో పాల్గొన్న మనిషైతే ముందు అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటారు, ఆ మనిషి పేరు మార్చి రాస్తారు. అలా కాక ఊరికే మాట్లాడిన మనిషైతే అనుమతి అడిగి, పేరు వేసి, తేదీ వేసి రాస్తారు. మీరు నన్ను ఆ గుంపులోనూ చేర్చలేదు, ఈ గుంపులోనూ చేర్చలేదు. నా దగ్గర సంతకమూ తీసుకోలేదు, నా పేరూ ఉంచలేదు.

ఆ రోజు నేను వంటింట్లో కోడలితో మాట్లాడుతున్నాననుకున్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

రిఫరెన్సుల జాబితా పూర్తిగా సరిచూసి పంపుతున్నాను. అందులో తప్పుల్లేవు. నాలుగో అధ్యాయం నా దగ్గరే ఉంది. దాని మీద గీత గీయలేదు. గీయాలనీ లేదు, గీయకూడదనీ లేదు.

మీ భర్తకి జలుబు తగ్గింది.


హాస్టల్
గురువారం

అత్తయ్యా,

మీరు "మీరు" అని రాశారు. తిట్టి ఉంటే బాగుండేది.

వాక్యం తీసేశాను. మీ గీత కోసం చూడలేదు. గైడు గారికి చెబితే ముందు నమ్మలేదు. "కారణమేమిటి?" అని అడిగారు. అనుమతి లేదు సార్ అన్నాను. "అనుమతి తెచ్చుకోవచ్చు కదమ్మా, ఎవరామె, నేను మాట్లాడనా?" అన్నారు. వద్దు సార్, ఆమెని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు అన్నాను. చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "సంతకం పెడతాను గానీ, ఇందులో కొత్తదేముందని పరీక్షకులు అడిగితే నీ దగ్గర జవాబుండదు" అన్నారు. నిజమే. లేదు.

పోతే పోతుంది. మళ్లీ కట్ట తిరిగొస్తే ఇంటికొచ్చి ఏదైనా బడిలో కౌన్సెలర్ ఉద్యోగం చూసుకుంటాను. చదువు పోతే బతకలేనిదాన్నేం కాదు. మీరు నాతో మాట్లాడటం మానేస్తే మాత్రం ఆ ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియదు. నాకు అమ్మ పోయాక ఏ కబురు దాచుకోవాలన్నా మీ దగ్గరే దాచుకున్నాను. మీరు దాచుకున్న ఒకే ఒక్కదాన్ని నేను కాపాడలేకపోయాను.

మీ అబ్బాయికి ఏమీ తెలియదు. తెలియనివ్వను.

మీ కోడలు


ఇల్లు, వంటింటి బల్ల
సోమవారం

అమ్మాయ్,

మొన్నటి ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఇంటికి వచ్చాక సగం కోపం తగ్గింది. తక్కిన సగం నీ ఉత్తరం చూశాక తగ్గింది. కొంచెం మిగిలింది, అది నువ్వు వచ్చాక చూసుకుందాం. కోపం లేకుండా కోడల్ని ఇంట్లోకి రానిస్తే నా పరువేం కాను.

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది నువ్వు రాసినందుకు మాత్రమే కాదు. నీ వాక్యంలో నన్ను నేను గుర్తుపట్టలేకపోయాను. ఆవిణ్ణి చూసి పాపం అని కూడా జాలిపడ్డాను. నా మాటని అంతలా మార్చేశావే అని బాధపడ్డాను. విముక్తి కాదే అది. మీ మామయ్యని వదిలించుకున్నానని కాదు. ఆరేళ్లు నా చెవి ఆయన ఊపిరి మీదే ఉంది. వంట చేస్తున్నా, స్నానం చేస్తున్నా, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నేను కూడా ఆగేదాన్ని. ఆ ఉదయం రెండో ఊపిరి రాలేదు. ఇక రాదని తెలిసింది. నెత్తి మీద మోసుకొచ్చిన బిందెని పగలకుండా ఇంటికి చేర్చి దించినప్పుడు హమ్మయ్య అంటాం చూడు, ఆ హమ్మయ్య. బిందె అంటే ఇష్టం లేక కాదు. జారవిడవకుండా తెచ్చానని. మొదట కలిగింది అదే. ఏడుపు తర్వాత వచ్చింది, చాలా వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది.

దీనికి ఇంగ్లీషు మాట వెతక్కు. హమ్మయ్య అనే పెట్టి, అదేమిటో పక్కన వివరించు. అంత పెద్ద చదువు చదివావు, ఒక్క మాట వివరించలేవా.

నువ్వు వాక్యం తీసేశానని రాశావు కదా. నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని ఆలోచించాను. నువ్వు తీసేసింది ఎందుకు? మావాడికి తెలియకూడదని. నేను దాచింది ఎందుకు? మావాడికి తెలియకూడదని. ఇద్దరాడవాళ్లం ఒక మగవాణ్ణి కాపాడటానికి ఇంత కష్టపడుతున్నాం, వాడేమో హాయిగా కుళాయి బాగుచేసుకుంటున్నాడు. నిన్న సెలవు. వంటింట్లో కుళాయి కారుతోందని సింకు కింద దూరాడు. నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈ వయసులో కన్నకొడుకుతో మాట్లాడటానికి ఇంత భయపడతానని అనుకోలేదు.

"నీకో మాట చెప్పాలిరా" అన్నాను.

"చెప్పు."

"నాన్న పోయినప్పుడు నాకు..." అని ఆగిపోయాను.

"హమ్మయ్య అన్నావు" అన్నాడు.

పానా తిప్పుతూనే ఉన్నాడు. నాకు సరిగా వినపడలేదనుకున్నాను. నీతో మీ ఆవిడ చెప్పిందా అని అడిగాను. ఒక్క క్షణం నీ మీద మళ్లీ అనుమానం వచ్చింది, క్షమించు. "తనకెలా తెలుస్తుంది, తను పుట్టింటి నుంచి వస్తూ అప్పటికి ఇంకా దారిలోనే ఉంది కదా" అన్నాడు. నేను మనసులో అనుకున్నాను అంతే, పైకి అనలేదురా అన్నాను.

"అన్నావమ్మా. నేను గుమ్మంలోనే ఉన్నాను. మందుల షాపు నుంచి అప్పుడే వచ్చాను. నువ్వు అటు తిరిగి ఉన్నావు."

వాడు బయటికి వచ్చి తడి చేతులు తుడుచుకున్నాడు.

"ముందు నాన్నే అన్నారనుకున్నాను. అంత నెమ్మదిగా వినిపించింది. ఇన్నేళ్లకి నాన్నకి మాటొచ్చిందనుకుని గబగబా లోపలికొచ్చాను. వచ్చాక తెలిసింది."

వాడు అక్కడ ఏడ్చాడే. తండ్రి పోయిన రోజు కూడా అందరికీ నీళ్లందిస్తూ తిరిగినవాడు, నిన్న వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మోకాళ్లు పట్టేశాయి గానీ లేవాలనిపించలేదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు చెప్పలేదుగా" అన్నాడు. నువ్వు దాచుకున్నావంటే నేను వినలేదనుకోవడమే నీకు సుఖమని ఊరుకున్నానన్నాడు. కోపం రాలేదా అని అడిగాను. "దేనికమ్మా? నాకూ అలాగే అనిపించింది. నువ్వు అన్నావు, నేను అనలేదు" అన్నాడు.

అపరాధ భావం గురించి రాశావు కదా, ఊరటతో పాటు అది వస్తుందని అందరూ అన్నారని. ఒకటి చెబుతాను, కావాలంటే రాసుకో. హమ్మయ్య అన్నందుకు నాకు ఎప్పుడూ తప్పు చేశానని అనిపించలేదు. కొడుక్కి చెప్పకుండా దాచినందుకు అనిపించింది. రెండేళ్లు మోశాను దాన్ని. అది నిన్న పోయింది. నీ పరీక్షకులు కొత్తదేముందని అడిగితే ఇది చెప్పు.

ఇక పని మాట్లాడుకుందాం. నెలాఖరు దగ్గర పడింది.

వాక్యం తిరిగి చేర్చు. పేరు మార్చకు, నా పేరే వెయ్యి. ఇంటిపేరుకి ముందు పొడి అక్షరాలు మరిచిపోకు. అత్తాకోడళ్లది ఒకే ఇంటిపేరు, అక్షరాలు లేకపోతే నిన్ను నువ్వే ఉల్లేఖించుకున్నావని నవ్వుతారు. తేదీ మంచం తీసుకెళ్లిన రోజుది వెయ్యకు. ఆ రోజు నేను కోడలితో మాట్లాడాను. పరిశోధకురాలితో మాట్లాడుతున్నది ఇవాళ. ఈ ఉత్తరం తేదీ వెయ్యి, ఇదే నా అనుమతి. మావాడు చెప్పింది కూడా రాసుకోవచ్చన్నాడు, వాడి పేరుతోనే. వాడికి విడిగా ఒక బ్రాకెట్ పెట్టు, వాణ్ణి నాతో కలిపి తదితరుల్లో వెయ్యకు. చివర జాబితాలో మా ఇద్దరి పేర్లూ ఉండవు. నియమం నాకు తెలుసు, నేనేం అనుకోను.

అధ్యాయం ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఆ వాక్యంలో ఒక్క దిద్దుబాటే మిగిలింది. భర్త పోయిన క్షణంలో ఆమెకి హమ్మయ్య "అనిపించింది" అని వస్తుంది నీ ఇంగ్లీషులో. నేనూ నీకు అలాగే చెప్పాను, అలాగే అనుకున్నాను. అది తప్పు. "అన్నది" అని మార్చు. విన్నవాడున్నాడు.

అత్తయ్య